సుందరయ్య పార్కులో మా అమ్మను లేపి నిలబెట్టినవాళ్లకు

మా అమ్మకు 72 ఏళ్లు. చిక్కడపల్లిలో మా దగ్గరే ఉంటుంది. ఏడాదిగా సోఫాలోంచి లేవాలంటే "బిడ్డా, జర చెయ్యియ్యి" అనేది. నేనో మా బాబో పరిగెత్తేవాళ్లం. ఒక డాక్టరు గారికి చూపిస్తే "వయసు కదమ్మా" అని మాత్రలు రాశారు. మేమూ సరేలే అనుకున్నాం.

సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం పొద్దున, పార్కు బెంచీ మీంచి లేవబోయి అమ్మ రెండుసార్లు కూలబడింది. అటుగా నడుస్తున్న ఒక అమ్మాయి ఆగింది. ఫిజియోథెరపీ చదువు అయిపోయి ఇంటర్న్‌షిప్‌లో ఉందట. నేను చెయ్యి అందించబోతే "అక్కా, ఒక్క నిమిషం, పట్టుకోకండి" అంది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది.

బీపీ సంగతి, లేవగానే కళ్లు తిరుగుతాయా అన్న సంగతి అడిగి తెలుసుకున్నాక, గేటు దగ్గర వాచ్‌మన్ అన్న కుర్చీ అడిగి తెచ్చింది. సీటు ఎత్తు 17 అంగుళాలు ఉండాలట. వాకింగ్‌కొచ్చే టైలర్ అంకుల్ జేబులోంచి టేపు తీశారు. (ఆదివారం కూడా జేబులో టేపు ఏమిటో!) సరిగ్గా సరిపోయింది. కుర్చీ కదలకుండా గోడకు ఆనించి, అమ్మను చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకోమంది. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటే అంత లెక్క. చేతులు ఆనించి లేస్తే సున్నాయే.

అమ్మ 6 చేసింది. ఏడోసారి సగం దాకా కూడా లేవకముందే టైం అయిపోయింది. సగం దాటి ఉంటే అదీ లెక్కలోకి వచ్చేదట. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లకు 10 కంటే తగ్గితే కాళ్లలో బలం తక్కువని అర్థమని చెప్పింది. మగవాళ్లకైతే 12. అది వినగానే 71 ఏళ్ల టైలర్ అంకుల్ తానూ కూర్చుని 13 కొట్టి మీసం దువ్వుకున్నారు.

తర్వాత 3 మీటర్ల నడక. అంకుల్ టేపు 60 అంగుళాలు, రెండుసార్లు పరిస్తే కాస్త ఎక్కువే వచ్చింది. కుర్చీలోంచి లేచి, మామూలుగా ఆ గీత దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. అమ్మకు 16 పట్టింది.

ఆ అమ్మాయి మందేమీ చెప్పలేదు. డైనింగ్ కుర్చీ మీద మందంగా దిండు వేసి, పొద్దునా సాయంత్రం పదేసి సార్లు లేచి, మెల్లగా కూర్చోమంది. రెండు వారాల తర్వాత దిండు తీసెయ్యమంది. నాతో మాత్రం గట్టిగా చెప్పింది: "ప్రతిసారీ మీరే లేపితే ఆ కాళ్లకు పనేముంటుంది అక్కా?" ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ప్రేమ అనుకుని ఏడాది పాటు చేసింది అదే మరి.

డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగి వెళ్లింది. తర్వాత రెండు ఆదివారాలు వచ్చి చూసింది. ఇంటర్న్‌షిప్ అయిపోయాక మళ్లీ కనబడలేదు. నంబరు అడగాలని నాకు తోచనేలేదు.

కుర్చీ ఇచ్చిన వాచ్‌మన్ అన్నకు, టేపు ఇచ్చిన అంకుల్‌కు, పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టిన వాకింగ్ బృందానికి చేతులెత్తి నమస్కారం. ఆ అమ్మాయి తెలిసినవాళ్లుంటే ఈ పోస్టు చూపించండి. ఎనిమిది వారాలయ్యాక నిన్న అదే కుర్చీలో అమ్మ 9 చేసింది. నడక 13 సెకన్లకు వచ్చింది. లేచి కూర్చోవడంలో అంకుల్ ఇంకా 13 దగ్గరే ఉన్నారు, అమ్మ ఆయన మీద కన్నేసింది.