అమ్మ జబ్బు కబురూ యుద్ధమే

సంపాదకులకు,

టీవీలోనో ఓటీటీలోనో యుద్ధం సీరియల్ వచ్చిందంటే చాలు, పత్రికల్లో సమీక్షకులు యాక్షన్‌కి ఇన్ని మార్కులు, సెంటిమెంట్‌కి ఇన్ని అని విడివిడిగా వేసేస్తున్నారు. చూసేవాళ్ల ఫిర్యాదులూ అలాగే ఉంటాయి. ఒకరు "ఎంతసేపూ ఆ కాల్పులేనా?" అంటారు. ఇంకొకరు "యుద్ధం చూద్దామని కూర్చుంటే మధ్యలో పెళ్లిచూపులేంటి?" అంటారు. తీసేవాళ్లు ఇద్దరి మాటా విని నలభై నిమిషాల ఎపిసోడ్‌ని చెరిసగం పంచేస్తారు. చివరికి ఇద్దరికీ నచ్చదు. చిక్కు పాళ్లలో లేదు. ఇంటి కథ రాగానే యుద్ధం ఆగిపోతోంది, యుద్ధం మొదలవగానే ఇల్లు మాయమైపోతోంది.

విశాఖ వాళ్లం ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు నుంచి రోజూ తిరిగేవాళ్లమే. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారితే 4 అనగా, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గర మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదాని మీద రెండు దేశాలకీ ఈనాటికీ పేచీ ఉంది, ఆ పేచీ మనకిక్కడ అక్కర్లేదు. అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇక్కడే ఉందని నమ్మించడానికి డిస్ట్రాయర్ రకం పాత యుద్ధనౌక రాజ్‌పుత్‌ని ముందుకు తెచ్చి, పెద్ద ఓడకి ఉండేంత వైర్‌లెస్ సందడి దాని చేత చేయించారు. మాంసం, కూరగాయలు భారీగా కావాలని కాంట్రాక్టర్లకి కబురు పెట్టారు. వీటితో పాటు ఇంకొకటి కూడా చేశారు. జబ్బుగా ఉన్న తల్లికి ఎలా ఉందని విక్రాంత్ నావికుడెవరో అడిగినట్టు, గుప్తభాష లేకుండా మామూలుగా ఒక టెలిగ్రాం పంపించారు. శత్రువు చెవిన పడాలనే పంపించారు. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ తన జ్ఞాపకాల్లో రాసిన సంగతే ఇది.

ఆ టెలిగ్రాంని సమీక్షకులు ఏ ఖాతాలో వేస్తారు? యాక్షనా, సెంటిమెంటా?

మామూలు స్క్రీన్‌ప్లేలో అయితే ఊళ్లో తల్లి దగ్గుతుంది, మందుసీసా కింద పడుతుంది, ముగ్గురి ముఖాల మీద మూడేసి రియాక్షన్ షాట్లు పడతాయి, అప్పుడు ఓడ కనిపిస్తుంది. పని తెలిసిన రచయిత ఆ టెలిగ్రాం పంపే గదిలోంచి బయటికే రాడు. టెలిగ్రాం పంపే ఆపరేటర్‌కి నిజంగానే ఇంట్లో జబ్బుపడ్డ తల్లి ఉందని కల్పించుకుంటాడు. ఆమె ఎలా ఉందో అడగడానికి ఈ కుర్రాడికి అనుమతి లేదు. లేని తల్లి క్షేమం మాత్రం తన వేళ్లతోనే అడగాలి. పంపింది నాలుగు ముక్కలు, పట్టింది ముప్పై సెకన్లు. ఫ్లాష్‌బ్యాక్ లేదు, ఏడుపు లేదు. ఆ సీను తీసేస్తే యుద్ధ వ్యూహంలోనూ ఒక ముక్క ఎగిరిపోతుంది. సీను నిలబడుతుందో లేదో తేల్చడానికి ఇదే పరీక్ష: దాన్ని కత్తిరించి చూడాలి. కత్తిరించినా యుద్ధం యథాప్రకారం నడిచిపోతోందంటే, ఆ సెంటిమెంట్ సీను అతుకే.

రెండో పొరపాటు కాలంతో వస్తుంది. తుపాకులు పేలుతుండగా హీరో జేబులోంచి భార్య ఫొటో తీసి, రెండు నిమిషాల పాట అయ్యాక మళ్లీ గురి పెడతాడు. ఆ రెండు నిమిషాలూ శత్రువు ఏం చేస్తున్నట్టు? నిజానికి యుద్ధం తనంతట తానే ఖాళీ సమయం ఇస్తుంది, దాన్ని వాడుకోవడమే రావట్లేదు. లెక్క చూడండి. జలాంతర్గామి నీటి కింద నుంచి వదిలే టార్పెడో 40 నాట్ల వేగంతో వెళ్తే సెకనుకి సుమారు 20 మీటర్లు పోతుంది. 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడని చేరడానికి దాదాపు రెండున్నర నిమిషాలు. వదిలినవాళ్లు చెయ్యగలిగింది ఏమీ లేదు, స్టాప్‌వాచ్ చూస్తూ నిలబడటమే. నీటిలో ధ్వని సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది కాబట్టి, అదే దూరానికి సోనార్ 'పింగ్', అంటే ప్రతిధ్వనితో ఓడ జాడ పట్టే శబ్దం, వెళ్లి తిరిగి రావడానికి 4 సెకన్లు. ఈ నాలుగేసి సెకన్ల మౌనాలు ఎన్ని వస్తాయో లెక్కపెట్టుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో మనిషిని చూపించొచ్చు. ఒకడు పెదవులు కదుపుతాడు. ఒకడు ఉంగరం తిప్పుకుంటాడు. రాత్రి గొడవపడ్డ ఇద్దరు ఒకే గొట్టం పట్టుకుని నిలబడి ఉంటారు. గడియారం ఆగదు, కథా ఆగదు. రీ-రికార్డింగ్‌లో వయొలిన్లు మోగకపోతే చాలు.

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లిన ఏ పిల్లాడినడిగినా చెబుతాడు, టార్పెడోల పక్కనే పడుకునే అరలుంటాయి. 91 మీటర్ల ఆ గొట్టంలో ఫ్యామిలీ ట్రాక్‌కి వేరే గది కట్టలేదు.

నేల మీది యుద్ధం సంగతి ఇంకా అన్యాయం. ఏకే రకం తుపాకీలో మ్యాగజైన్‌కి 30 తూటాలు. వేగం నిమిషానికి సుమారు 600. ట్రిగ్గర్ నొక్కిపట్టుకుంటే 3 సెకన్లలో ఖాళీ. మన హీరో అరనిమిషం ఆపకుండా కాలుస్తాడు. దాని వల్ల పోయేది నిజం ఒక్కటే కాదు, నాటకమూ పోతుంది. తూటాలకి లెక్క ఉంటేనే ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయి, ఎవరిది ఎవరికివ్వాలి అన్న ప్రశ్న వస్తుంది. మనుషుల మధ్య బంధం బయటపడేది అక్కడే. రెండో ప్రపంచయుద్ధం మీద 2001లో పది ఎపిసోడ్లుగా వచ్చిన 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' సీరియల్‌లో ఆరోదాన్ని గమనించండి. బెల్జియంలోని బాస్టోన్ మంచులో చిక్కుకుపోయిన దళంలో వైద్య సహాయకుడు గుంట గుంటకీ తిరిగి మార్ఫిన్ ఉందా, కట్లున్నాయా, కత్తెర ఉందా అని అడుగుతుంటాడు. ఇచ్చేవాడూ, దాచుకునేవాడూ, మాట దాటేసేవాడూ ఎలాంటివాళ్లో ఒక్క కత్తెరతో తెలిసిపోతుంది.

ఇంకో ఇబ్బంది, ఎవరు ఎవరో తెలియకపోవడం. పదాతిదళ సెక్షన్ అంటే సుమారు పదిమంది. హెల్మెట్ పెట్టి, బురద పూసి, చీకట్లో తీస్తే పదిమందీ ఒక్కలాగే ఉంటారు. పోయింది ఎవరో తెలియకపోతే ప్రేక్షకుడికి దుఃఖం ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే ముఖం కన్నా ముందు గొంతు, నడక ఖాయం చెయ్యాలి. ఈ విషయంలో తెలుగువాళ్లకి యాసలే ఆస్తి. ఆర్డర్లు హిందీలో వస్తాయి సరే, పక్కనున్న మనవాడితో "ఏటి సేస్తన్నావురా?" అన్నాడంటే చీకట్లోనూ శ్రీకాకుళం కుర్రాడు దొరికిపోతాడు. దాడికి ముందు నేల మీద మట్టితో, రాళ్లతో ఆ ప్రాంతం నమూనా చేసి ఎవరెటు వెళ్లాలో చెప్పడం సైన్యంలో ఉన్న పద్ధతే, శాండ్ మోడల్ అంటారు. నలభై సెకన్లు దాని మీద పెడితే తర్వాత పది నిమిషాల కాల్పుల్లో ప్రేక్షకుడు దారి తప్పడు. మొదట వెళ్లేది ఎవరని అడిగినప్పుడు ఎవరు కళ్లు దించుకున్నారో కూడా అక్కడే చూపించొచ్చు.

ఖర్చు మాటా చెప్పుకోవాలి. ఒక పేలుడు తీశాక మళ్లీ అమర్చాలి. తూటా దిగిన చొక్కా రెండో టేకుకి పనికిరాదు, ఒక్కో షాటుకి మూడు నాలుగు చొక్కాలు కుట్టించుకోవాలి. డైలీ సీరియల్ లెక్కన రోజుకో ఎపిసోడ్ తీసెయ్యడం కుదరదు. డబ్బు లేనప్పుడు చాలామంది నాసిరకం గ్రాఫిక్స్‌తో యుద్ధం చూపిస్తారు, పొగ ఒక దిక్కుకీ జెండా ఇంకో దిక్కుకీ ఎగురుతుంటాయి. అంతకన్నా యుద్ధంలో దెబ్బ తగిలినవాళ్లు వచ్చే చోటు పట్టుకోవడం మేలు. మూడేళ్లు నడిచిన కొరియా యుద్ధం మీద, సైనిక ఆసుపత్రి కథగా అమెరికాలో 'మాష్' సీరియల్ 1972 నుంచి 1983 దాకా 11 సీజన్లు నడిచింది. ఫిరంగులు దూరంగా ఉంటాయి. గాయపడ్డవాళ్లు హెలికాప్టర్లలో వస్తుంటారు, డాక్టర్లు కుడుతుంటారు.

పనిలో పనిగా, సెల్యూట్ సంగతి. సైన్యంలో అరచెయ్యి ఎదుటివాడికి కనబడాలి, నౌకాదళంలో నేల వైపు తిరగాలి. తెల్ల యూనిఫాం వేసి సైన్యం సెల్యూట్ కొట్టిస్తే దేశమంతా ఏమో కానీ, విశాఖలో సగం ఇళ్లు నవ్వుతాయి.

మరణాల దగ్గర మాత్రం అందరూ ఒకే తప్పు చేస్తున్నారు. ఎపిసోడ్ మొదట్లో చెల్లెలి పెళ్లి గురించి మాట్లాడినవాడు చివర్లో పోతాడని పదేళ్ల పిల్లలు కూడా చెప్పేస్తున్నారు. ఉత్తరాల దారి తెలిస్తే ఇంత చవకబారు సూచనలు అక్కర్లేదు. సైనికుడి చిరునామాలో ఊరి పేరుండదు, 56 ఏపీవో అనో 99 ఏపీవో అనో సైనిక పోస్టాఫీసు నంబరే ఉంటుంది. నావికుడిదైతే ఫ్లీట్ మెయిల్ ఆఫీసు. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊరు, తరతరాలుగా ఇంటికొకరిని సైన్యానికి పంపిన ఊరు, అక్కడి తల్లికి కొడుకు ఏ కొండ మీదున్నాడో చిరునామా చెప్పదు. పైగా టెలిగ్రాంలున్న రోజుల్లో ఉత్తరం నెమ్మది, టెలిగ్రాం త్వరితం. 1971 కథ అయితే చావు కబురు ముందు వచ్చి, అంతకు మూడు రోజుల ముందు అతను పోస్టు చేసిన ఇన్‌లాండ్ ఉత్తరం తర్వాత రావచ్చు. కర్మకాండ నడుస్తుండగా పోస్టుమాన్ దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. ఇవ్వాలా, పెద్దదినం అయ్యేదాకా సంచిలోనే ఉంచుకోవాలా అన్నది అతనికి ఎవరూ చెప్పరు. ఆ గుమ్మం దగ్గర ఒక ఎపిసోడ్ మొత్తం ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం