ఆల్బమ్‌లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే: నలుపు తెలుపు పేజీల సంగతి

వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో రాజమండ్రి, కడియం, మండపేట వైపు మేం ఫొటోలు తీసిన పెళ్లిళ్లలో ఇంకా ఆల్బమ్ చేతికి అందనివాళ్లు ఉన్నారు. ఇది వాళ్ల కోసం. ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ మా కుర్రాడు "ల్యాబ్‌లో ఉందండీ" అంటున్నాడు. అది నిజమే, ల్యాబ్ అంటే మా షీట్లు ప్రింట్ చేసే చోటు. ఎందుకు అక్కడే ఉండిపోయిందో నేను చెబుతాను.

కలర్ పేజీలన్నీ బాగానే వచ్చాయి. పాడైనవి నలుపు తెలుపు క్లోజప్‌లు. మామ్మగారి చేతులు, సన్నాయి మీద ఆడే వేళ్లు, తాతగారి కంటి పక్క ముడతలు, ఇలాంటివి. షీట్లు విప్పి చూస్తే బూడిద రంగు ఉండాల్సిన చోటల్లా పాచి పట్టినట్టు పచ్చదనం. ట్యూబ్‌లైట్ కింద కాస్త తక్కువ, కిటికీ దగ్గర బాగా ఎక్కువ.

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "మీ మానిటర్ తేడా సార్" అన్నారు. అవే ఫైళ్లు ఇంకోచోట ప్రింట్ తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో పంపాను. "మిగతా స్టూడియోల వాళ్లెవరూ కంప్లైంట్ చేయలేదే" అని జవాబు. ఏళ్ల తరబడి ఒక్క రూపాయి బాకీ పెట్టకుండా పని ఇచ్చిన మనిషికి చెప్పాల్సిన మాటా అది? మళ్లీ వేయమని పంపితే ఈసారి గులాబీ రంగు తేలి వచ్చింది. అప్పుడూ మానిటర్ తేడాయేనట. మా మానిటర్ అంత తెలివైనదని నాకు తెలియదు.

అసలు సంగతి ఇది. పెళ్లి ఆల్బమ్ షీట్లు మామూలుగా కలర్ పేపర్ మీదే ప్రింట్ అవుతాయి. ఆ కాగితంలో నలుపు అంటూ విడిగా ఏదీ ఉండదు. సయాన్, మెజెంటా, పసుపు, ఈ మూడు పొరలూ సరిగ్గా తూగితేనే బూడిద రంగు. కెమికల్ పాతబడినా, మిషన్‌కి క్యాలిబ్రేషన్, అంటే రంగులు సరిచూసి సర్దడం, చేయకుండా వదిలేసినా ఆ తూకం తప్పుతుంది. పట్టుచీరలు, పూలదండలు ఉన్న పేజీలో అది ఎవరి కంటా పడదు. 12×36 అంగుళాల షీటు నిండా ఒకే ఒక్క చెయ్యి, అదీ రంగు లేకుండా ఉంటే ఎక్కడ దాక్కుంటుంది?

మా బావమరిది సులువైన దారి చెప్పాడు. "అవన్నీ కలర్‌లోకి మార్చి పంపేద్దాం బావా, ఎవరడుగుతారు?" అని. రా ఫైల్లో, అంటే కెమెరా దాచిన అసలు ఫైల్లో, రంగు ఎలాగూ ఉంటుంది, రెండు నిమిషాల పని. మీలో కొందరు కూడా అలాగే చేయమన్నారు. ఒకాయనైతే "ఫోన్‌లో ఫిల్టర్ వేస్తే నలుపు తెలుపు అయిపోతుంది కదండీ, దీనికింత రాద్ధాంతమా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పేజీలు కలర్‌గా మార్చేద్దామా, నలుపు తెలుపు పని పూర్తిగా మానేద్దామా, డబ్బు పోయినా మళ్లీ వేయిద్దామా అని చాలా రోజులు కొట్టుకున్నాను.

నాకు తోచింది చెబుతాను. పారాణి పెట్టిన పెళ్లికూతురి పాదాలు తీసుకోండి. డిజిటల్ ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు మూడు ఛానళ్లుగా విడివిడిగా ఉంటుంది. వాటిని నలుపు తెలుపు చేసేటప్పుడు ఎరుపు ఛానల్ పెంచితే పారాణి చర్మంలో కలిసిపోయి మాయమవుతుంది. ఆకుపచ్చ ఛానల్ పెంచితే నల్లబడి బురద తొక్కినట్టుంటుంది. మధ్యలో ఆపితే మరక. పసుపుతాడు సంగతి ఇంకా ఘోరం. పసుపు దాదాపు తెల్లగా వస్తుంది, మూడు ముళ్లూ ఉత్త దారం ముళ్లయిపోతాయి. గోరింటాకు, తలంబ్రాలు కూడా అంతే. వీటిని మేం ఎప్పుడూ కలర్‌లోనే ఇచ్చాం, ఇక ముందూ అంతే. ఎంత ఫ్యాషన్ అన్నా వినను.

మామ్మగారి చెయ్యి అలా కాదు. కలర్‌లో చూస్తే కన్ను ముందు ఆకుపచ్చ గాజుల మీద పడుతుంది, తర్వాత చీర అంచు మీద. రంగు తీసేసి నీలం, ఆకుపచ్చ ఛానళ్ల వైపు మొగ్గితే ముడతలు, కణుపులు, ఉంగరం ఒరుసుకుని పడిన గాడి పైకి తేలతాయి. ఎరుపు వైపు మొగ్గితే అవే ముడతలు సగం పోతాయి. పురిటి బిడ్డ పాదాలకైతే నేను ఎరుపు వైపే వెళతాను, ఎందుకంటే మొదటి వారంలో ఆ ఒంటిమీద ఎర్రెర్రటి మచ్చలు, కొందరికి కామెర్ల పసుపు ఉంటాయి. పైగా గోటిని అసలు సైజుకు సమానంగా తీసేంత దగ్గరకు వెళితే, లెన్స్ రంధ్రం ఎఫ్8 దాకా చిన్నది చేసినా షార్ప్‌గా వచ్చేది దాదాపు ఒక్క మిల్లీమీటరు. మిగతాదంతా మసక. ఆ మసకలో ఓ గులాబీ రంగు దుప్పటి ముక్క ఉంటే చాలు, గోరు ఎవరికీ కనపడదు. ఏ వైపు మొగ్గాలో ఫోన్ ఫిల్టర్ మిమ్మల్ని అడగదు.

1930లో ఎడ్వర్డ్ వెస్టన్ అనే అమెరికన్ ఒక క్యాప్సికమ్‌ని రేకు గరాటులో పెట్టి క్లోజప్ తీశాడు. ఇప్పటికీ అది కండలు తిరిగిన ఒంటిలా కనిపిస్తుంది. కలర్‌లో తీసి ఉంటే కూర గుర్తొచ్చేది.

ఇంకో మాట. మండపంలో ఊదా రంగు ఎల్ఈడీలు పడి మొహాలు పాడైన ఫొటోల్ని నలుపు తెలుపులోకి నెట్టేయడం మా లైన్‌లో మామూలు. మా దగ్గర ఆ పని జరగదు.

అందుకని మళ్లీ వేయిస్తున్నాం. పాత ల్యాబ్‌తో లెక్క ముగించాను, వాళ్లు షీట్ల డబ్బు తిరిగి ఇవ్వలేదు. నలుపు తెలుపు పేజీలు ఇప్పుడు వేరేచోట, విడిగా బూడిద రంగు ఇంకులున్న ప్రింటర్ మీద, కాటన్ పేపర్ మీద వస్తున్నాయి. చేత్తో అతికించి బైండింగ్ చేయాలి కాబట్టి వినాయక చవితి దాకా పడుతుంది. ఆ ఖర్చు నాదే, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. కొత్త బుకింగ్‌లకు మాత్రం ఈ పేజీల రేటు పెరిగింది, షాపులో రాసి పెట్టాను.

ఆ నలుపు తెలుపు ఫొటో కలర్‌లోనే కావాలనేవాళ్లు ఈ ఆదివారం లోపు చెప్పండి, ఇస్తాను. ఆ పేజీ కింద మా స్టూడియో పేరు ఉండదు, ఏమీ అనుకోవద్దు. కొత్త షీట్లు చూసుకోవడానికి వచ్చేవాళ్లు సాయంత్రం ఐదులోపు రండి. కిటికీ వెలుతురులో చూశాకే ఓకే చెప్పండి, లైట్లు వేశాక చూపించమంటే చూపించను.