సినిమా హాలు మూసినా సరే, నేల మాత్రం చదును చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా కడపలో మూతబడిన సినిమా హాలు ఒకదాన్ని కల్యాణ మండపం చేస్తున్నారని ఈమధ్య విన్నాను. హాలు పేరు రాయను. ఓనర్లు మర్యాదస్తులు. సినిమాల మీద పోయింది పెళ్లిళ్ల మీదైనా రాబట్టుకోవాలని వాళ్ల తాపత్రయం. దాన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని? కాకపోతే మిషన్‌లో కార్బన్ కడ్డీల వెలుగుతో బొమ్మ వేసిన కాలం నుంచి హార్డ్ డిస్కుల కాలం దాకా ఈ ఊళ్లో బొమ్మ వేసిన ఆపరేటర్‌ని కాబట్టి ఒక్క మాట చెప్పే చనువు తీసుకుంటున్నా. హాలును ఏమైనా చేసుకోండి గానీ నేలను చదును చేయకండి, గోడల అట్టలు పీకి టైల్స్ అతికించకండి. ఆ రెండూ ఉన్నన్నాళ్లూ అది పాటకూ పద్యానికీ పనికొచ్చే చోటు. అవి పోయాక మళ్లీ కావాలంటే కొత్త హాలు కట్టుకోవాల్సిందే.

అట్లా మారిన హాలు ఒకటి ఇదివరకే చూశాను, పక్క ఊళ్లో. బంధువుల పెళ్లికి పోయినాం. ఒకప్పుడు నేను నేల టికెట్టు కొని సెకండ్ షో చూసిన హాలే అది. ఇప్పుడు కింద గ్రానైట్, గోడలకు నడుమెత్తు దాకా టైల్స్, ఆపైన అద్దాలు, సీలింగులో రంగురంగుల లైట్లు. ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి గొంతు మంచిది. కానీ పల్లవి ఎత్తుకుందో లేదో, ఏం పాడుతోందో ఒక్క ముక్క తెలియలేదు. ఒక అక్షరం గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి అక్షరం మీద పడుతోంది. మిక్సర్ దగ్గర పిల్లోడు ట్రెబుల్ పెంచుతాడు, తగ్గిస్తాడు, ఎట్లా తిప్పినా మాట తేలడం లేదు. చివరికి విసుగొచ్చి వాల్యూమే పెంచేశాడు. పెళ్లివారు పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వచ్చింది. తప్పు ఆ పిల్లోడిది కాదు, గోడలది.

లెక్క కూడా చెబుతా. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. హాలు పొడవు 100 అడుగులనుకుంటే, స్టేజీ మీది మాట వెనక గోడకు తగిలి తిరిగి స్టేజీ దగ్గరికి రావడానికి 0.18 సెకను పడుతుంది. ఏముందిలే అనిపిస్తుంది. కానీ పద్యం పాడే మనిషి జోరందుకున్నాడంటే ఆ కాస్త సందులో ఇంకో అక్షరం నోట్లోంచి వచ్చేస్తుంది. సినిమా హాళ్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే గోడలకు చిల్లుల అట్టలు కొట్టించి వాటి వెనక పీచు కూరేవాళ్లు, వెనక గోడకైతే ఇంకాస్త మందంగా. తెర కూడా దూరానికి నున్నగానే కనిపిస్తుంది, దగ్గరికి పోయి చూస్తే నిండా సన్నటి చిల్లులు. స్పీకర్లు తెర వెనక ఉంటాయి కదా, మాట ఆ చిల్లుల్లోంచే జనం దగ్గరికి రావాలి. తెర మార్చినప్పుడు మా గేట్‌మన్ పాత తెర ముక్కలు ఇంటికి పట్టుకుపోయి కిటికీలకు కట్టుకున్నాడు. గాలొస్తుంది, ఎండ రాదు అనేవాడు.

ఇక నేల. బాల్కనీ కింది నుంచి తెర దాకా అది వాలుగా దిగుతుంది, వెనకవాడి చూపు ముందువాడి తల మీదుగా పోవాలని. పెళ్లిళ్లకు ఆ వాలు పనికిరాదు, బంతులు వేయాలి, టేబుళ్లు నిలబడాలి. అందుకే మండపం చేసేవాళ్లు మొట్టమొదట కంకర తోలించి నేల సమం చేస్తారు. ఆ తర్వాత అక్కడ ఎవరి కచేరీ పెట్టినా మూడో వరుస నుంచి కనిపించేవి తలకాయలే.

ఈ వాలు విలువ నాకు మరీ బాగా తెలిసొచ్చింది లండన్‌లో. మా అబ్బాయికి అక్కడ ఉద్యోగం. 2024 వేసవిలో మమ్మల్ని పిలిపించుకున్నప్పుడు, రాణిగారి కోట తర్వాత చూద్దువులే నాన్నా అని బ్రిక్స్‌టన్ అకాడమీ అనే హాలుకు తీసుకుపోయాడు. ఆ సాయంత్రం ఎవరిదో పాటల ప్రోగ్రాం. పాట నాకు పెద్దగా ఎక్కలేదు, హాలు మాత్రం ఎక్కింది. అది పుట్టిందే సినిమా హాలుగా. 1929 ఆగస్టులో ఆస్టోరియా పేరుతో తెరిచారు, టాకీలు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో. స్టేజీ మీది తోరణాన్ని వెనిస్‌లో ఉండే రియాల్టో వంతెన పోలికలో కట్టారు. 1972లో సినిమాలు ఆపేశారు. కొన్నాళ్లు డాన్సు హాలుగా నడిచింది, అదీ నడవక సామాన్లు పెట్టుకునే గోడౌనైంది. మన ఊళ్లలో మూతబడిన హాళ్ల కథే, కొంచెం కూడా తేడా లేదు. 1983లో సైమన్ పార్క్స్ అనే కుర్రవాడు, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు, ఆ హాలు లీజును ఒకే ఒక్క పౌండుకు తీసుకున్నాడు. హాలు ఒక బీరు కంపెనీది. లోపల అమ్మే బీరంతా తమ దగ్గరే కొనాలన్నది వాళ్ల షరతు. మన గోలీసోడా వాళ్లెవరూ అట్లా హాలు రాసివ్వరు లెండి.

అక్కడ కింది అంతస్తులో కుర్చీలు తీసేశారు గానీ వాలు మాత్రం ముట్టుకోలేదు. దాదాపు 5000 మంది పట్టే ఆ హాల్లో కింది జనమంతా నిలబడే పాట వింటారు. నేను పొట్టివాణ్ణి, నా ముందు ఆరడుగుల దొరలు. అయినా పాడేవాళ్ల కాలి చెప్పుల దాకా కనిపించింది. అందరూ స్టేజీ వైపు చూస్తుంటే నేను వెనక్కి తిరిగి, బాల్కనీ పైన బొమ్మ వేసే కేబిన్ కిటికీలు ఎక్కడుండేవో అని వెతుక్కుంటున్నా. మా అబ్బాయి తల పట్టుకున్నాడు.

ఇదంతా చెబితే మిత్రులు కొందరు, కడపలో పాటలెవరు వింటారప్పా అంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఈ జిల్లా సురభి గ్రామంలోనే 1885లో వనారస గోవిందరావు గారి వాళ్లు కీచక వధ ఆడారు. ఆ ఊరి పేరే నాటక సమాజం పేరై తెలుగునేలంతా తిరిగింది. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టిన సమాజం అది. 1932లో తొలి తెలుగు టాకీ వచ్చినప్పుడు తెర మీదికి ఎక్కింది సురభి నటులే. సినిమా ముందు స్టేజీ మీది మనుషుల్ని తీసుకుపోయింది, ఆ తర్వాత ఊళ్లలో స్టేజీలనే తీసేసుకుంది. తీసుకున్నది ఇప్పుడు తిరిగిస్తే పోయేదేముంది?

పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీకి, ముషాయిరాకు తెల్లవార్లూ కూర్చునే జనం ఈ ఊరి జనమే. అన్నమయ్యది మన తాళ్లపాక, ఆయన పాడిన కడప రాయడు మన దేవుని కడపలోనే ఉన్నాడు. రాజంపేట దగ్గర ఆయనకు 108 అడుగుల విగ్రహం పెట్టుకున్నాం, సంతోషం. ఆయన కీర్తనను ఒక సాయంత్రం స్థిమితంగా కూర్చుని వినే హాలు కట్టుకోవడానికి అందులో ఎన్నో వంతు అవుతుంది?

పద్యనాటకం వాళ్లకైతే ఇది బతుకు ప్రశ్న. పల్లెల్లో నాటకం మొదలయ్యేదే భోజనాలయ్యాక, పది దాటాక. కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పరీక్షల పిల్లలు, ముసలివాళ్లు నిద్రపోవాలి కదా, ఆ నిబంధన మంచిదే. పండగలప్పుడు ప్రభుత్వం ఇచ్చే సడలింపు కూడా అర్ధరాత్రి వరకే, అదీ ఏడాదిలో కొన్ని రోజులకే. కానీ అదే నిబంధనలో నాలుగు గోడల మధ్య ఉండే ఆడిటోరియాలకు మినహాయింపు ఉంది, చప్పుడు బయటికి హద్దు మీరి పోనంత వరకు. రాయబారం సగంలో ఉండగా పోలీసులొచ్చి మైకు కట్టేయించిన నాటకాలు మీ రిపోర్టర్లకు కూడా తెలుసు. మూతబడిన సినిమా హాలుకు గోడలున్నాయి, మందపాటి తలుపులున్నాయి. సెకండ్ షో అర్ధరాత్రి దాటేదాకా నడిచినా పక్కింటివాళ్లు నిద్రపోయిన చోటు అది.

మార్పులు అవసరం లేదనడం లేదు. తెర వెనక చోటు చాలా హాళ్లలో నాటకానికి చాలదు. ముందు రెండు మూడు వరుసలు తీసేసి స్టేజీని ముందుకు జరపాలి. తెరను పైకి చుట్టుకునేలా పెడితే కావాలన్నప్పుడు సినిమా కూడా వేసుకోవచ్చు. గోడల్లోని పాత పీచు నిప్పంటుకునే సరుకు, దాన్ని తీసి నిప్పుకు తట్టుకునే రాతి పీచు, అదే రాక్ ఊల్, పెట్టాలి, పైన చిల్లుల అట్ట మామూలే. మైకు లేని వయొలిన్, వీణ కచేరీలకు ఆ గోడలు శబ్దాన్ని మరీ తాగేస్తాయి, దానికి స్టేజీ వెనకా పక్కలా చెక్క పలకలు నిలబెడితే సరిపోతుంది. కేబిన్ ఉండనే ఉంది. స్టేజీకి సూటిగా ఎదురు, పైగా ఎత్తు. లైట్లు వేసేవాడికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

సౌండువాణ్ణి మాత్రం కేబిన్‌లో కూర్చోబెట్టకండి. అద్దం వెనక కూర్చున్నవాడికి హాల్లో ఏం వినిపిస్తోందో తెలియదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే మా పనే అది. 2000 అడుగుల ఫిల్మ్ స్పూలు 22 నిమిషాలు తిరిగేది. అసిస్టెంటును మిషన్ దగ్గర ఉంచి నేను మెట్లు దిగి, నేలలో ఒక చోట, బాల్కనీ కింద ఒక చోట నిలబడి వినేవాణ్ణి. హాలు ఖాళీగా ఉన్నప్పుడు సరిపోయిన సౌండు జనం నిండాక సరిపోదు, ఒంటి మీది బట్టలు, మనుషులు కూడా శబ్దాన్ని పీల్చుకుంటారు. మళ్లీ పైకి పోయి ఒకటి రెండు పాయింట్లు పెంచేవాణ్ణి. మ్యాట్నీకి ఒక రకం, ఫస్ట్ షోకి ఒక రకం. మిక్సర్ పెట్టాల్సింది జనం మధ్యలోనే.

తలుపుల సంగతి కూడా రాయాలి. ఆ లండన్ హాల్లోనే 2022 డిసెంబరులో ప్రవేశద్వారం దగ్గర తొక్కిసలాట జరిగి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. లైసెన్సు ఆపేశారు. 77 షరతులు పెట్టి 2024 ఏప్రిల్‌లో గానీ మళ్లీ తెరవనివ్వలేదు. మన దేశంలో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు ఘటన 1997 నాటిది, మంటల పొగలో 59 మంది పోయారు. అదనపు కుర్చీలు వేసి దారి మూసేయడం అందులో ఒక కారణం. ఆ తర్వాత చాలాకాలం సెకండ్ షో వదిలేదాకా నాకు అదే టెన్షన్, అన్ని తలుపుల గడియలూ నేనే పోయి చూసుకునేవాణ్ణి. పాటల హాలు చేసేవాళ్లు ముందు తలుపులు చూసుకుని తర్వాత లైట్ల ముచ్చట పెట్టుకోవాలి.

డబ్బెట్లా అంటారు. మండపానికి మాత్రం ఏడాది పొడుగునా డబ్బొస్తుందా? ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢమొస్తే ఉండవు, శూన్యమాసంలో ఉండవు. మన ఊళ్లో ఎన్ని మండపాలు లేచాయో లెక్కబెట్టుకోండి, ఉన్న నాలుగు ముహూర్తాలకు అందరూ పోటీ. వాలు నేల మీద పెళ్లి జరగకపోవచ్చు గానీ కచేరీ, నాటకం, ముషాయిరా, కాలేజీ పిల్లల బ్యాండు, హరికథ, డాన్సు స్కూళ్ల వార్షికోత్సవాలు, వీటికి మూఢం అడ్డం రాదు. కళాక్షేత్రం ఉంది కదా అనొచ్చు. ఉంది. సభలకూ సన్మానాలకూ అదొక్కటే కావాలి అందరికీ. పద్యనాటకం వాళ్లకు రిహార్సలుకు కూడా చోటు దొరకదు. కార్పొరేషన్ వాళ్లు ఇట్లాంటి హాలుకు ఆస్తిపన్నులో కొంత తగ్గిస్తే ఓనర్లకూ ధైర్యం వస్తుంది.

లండన్ మనకెందుకు అనేవాళ్లకు ముంబై చూపిస్తా. 1911లో ఐదో జార్జి ప్రారంభించిన రాయల్ ఒపేరా హౌస్ నాటకాలు, పాటలతో మొదలై సినిమా హాలుగా మారింది, 1993లో మూతబడింది. గుజరాత్‌లోని గోండల్ రాజకుటుంబం దాన్ని బాగుచేయించి 2016లో తెరిచింది. ఇప్పుడు అక్కడ మళ్లీ కచేరీలు, నాటకాలు. మూతబడి ఇరవై ఏళ్లు దాటిన హాలే లేచి కూర్చుంటే, నిన్నమొన్న తాళం పడిన మన హాళ్లకేమైంది?

ఆ హాలు ఓనర్లకు ఈ ఉత్తరం ద్వారా ఒక మనవి. కంకర లారీ రాకముందే ఒక సాయంత్రం తలుపులు తీయించండి. హార్మోనియం వాయించే ఒకర్ని, పద్యం పాడే ఒకర్ని నేను పిల్చుకొస్తా. ఒక పద్యం మైకు లేకుండా, ఒకటి మైకుతో పాడిస్తా. మీరు బాల్కనీలో ఆఖరి వరుసలో కూర్చుని వినండి. ఒక్క అక్షరం తెలియకపోయినా నేను నోరెత్తను, టైల్స్ కంపెనీకి అక్కడినుంచే ఫోన్ చేసుకోండి. చిరునామా, ఫోన్ నంబరు మీ ఆఫీసుకు విడిగా పంపాను. వాళ్లడిగితే ఇవ్వగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ సినిమా ఆపరేటర్,
ఎర్రముక్కపల్లి, కడప.