హాట్ రాడ్ బిగించేవారు తలుపు సంగతి ముందు తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారాలు.

పాత ఫోర్డు కార్ల ఆకారంలో కిట్‌గా కొని ఇంటి దగ్గరే బిగించుకునే హాట్ రాడ్‌ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఆసక్తితో చదివాను. ఇంజను శక్తి, రంగు, చక్రాల వెడల్పు, ఖర్చు అన్నిటినీ వివరంగా రాసిన వ్యాసకర్త, ఆ కారులోకి మనిషి ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి అన్న విషయాన్ని మాత్రం ఎక్కడా ప్రస్తావించలేదు. పెరంబూరులోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఫర్నిషింగ్ విభాగంలో పనిచేసి, రైలు పెట్టెల తలుపుల దగ్గర మెట్లు, కమ్మీలు ఎలా అమరితే ప్రయాణికుడికి అనువుగా ఉంటుందో చూసే పనిలోనే పదవీ విరమణ పొందినవాడిని. అమెరికాలోని మిషిగన్‌లో ఉంటున్న మా అల్లుడు తన గరాజ్‌లో 1932 నాటి ఫోర్డు రోడ్‌స్టర్ (కప్పులేని చిన్న కారు) ఆకారపు కిట్‌ను బిగిస్తున్నప్పుడు పక్కనుండి చెయ్యి సాయం చేసినవాడిని కూడా. ఆ రెండు అనుభవాల వల్ల తెలిసిన సంగతులు మీ పాఠకులకు ఉపయోగపడతాయని ఈ లేఖ రాస్తున్నాను.

నిజానికి 1930లలో ఫోర్డు కంపెనీ అమ్మిన కారు ఎక్కడానికి కష్టమైనది కాదు. ఛాసిస్, అంటే బాడీని మోసే అడుగు చట్రం, ఎత్తుగా ఉండేది. తలుపు కింద ఫుట్‌బోర్డు ఉండేది. లోపలి సీటు మనిషిని నిటారుగా కూర్చోబెట్టేది. 1932లో ఆ కంపెనీ 65 అశ్వశక్తి గల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనును సామాన్యులు కొనగలిగిన ధరకు అందించింది. దక్షిణ కాలిఫోర్నియా యువకులు అటువంటి కార్లనూ, అంతకంటే పాతవైన టీ, ఏ మోడళ్ళనూ సంపాదించి, మ్యూరాక్ వంటి ఎండిపోయిన సరస్సుల నేల మీద వేగం కోసం పోటీపడ్డారు. వారి పోటీలను క్రమబద్ధం చేయడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. బరువు తగ్గించడానికి వారు మడ్‌గార్డులనూ ఫుట్‌బోర్డులనూ ఊడదీశారు. గాలి తక్కువ తగలడానికి కిటికీల స్తంభాలను కోసి పైకప్పును దించారు. మరికొందరు బాడీని ఛాసిస్ కమ్మీల మీద కూర్చోబెట్టడం మానేసి, దాని నేలను కోసి, కమ్మీలకు ఇరువైపులా కిందికి జార్చి బిగించారు. ఇలా చేసినప్పుడు బాడీ దిగుతుంది కానీ నేల మాత్రం కమ్మీల మట్టంలోనే ఉండిపోతుంది కనుక, సీటును దాదాపు నేలకు ఆనించి, కాళ్ళు ముందుకు చాపి కూర్చోవలసి వస్తుంది. ఈ మార్పుల్లో ప్రతిదానికీ వేగపరంగా సరైన కారణం ఉంది. అయితే ప్రతిదీ తలుపు దగ్గర మనిషికి ఉన్న సౌకర్యంలో కొంత తీసివేసింది. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి అది పట్టించుకోవలసిన విషయం కాకపోవచ్చు. ఈనాడు తీరిక, డబ్బు సమకూరాక ఈ కిట్లు కొనుక్కునేవారిలో నడివయసు దాటినవారు చాలామంది ఉన్నారు. వారి మోకాళ్ళు ఆ కుర్రవాళ్ళ మోకాళ్ళు కావు.

టీ మోడల్ ఆకారంలో చేసే చిన్న హాట్ రాడ్‌ల సంగతి ఇంకా ప్రత్యేకమైనది. అమెరికాలో తయారైన కప్పులేని టీ మోడల్ కార్లకు 1926 నమూనా వచ్చేవరకు చాలా ఏళ్ళపాటు డ్రైవర్ వైపు తెరుచుకునే తలుపే లేదు. రేకు మీద తలుపు ఆకారం మాత్రమే అచ్చుగా ఉండేది, ఎందుకంటే చేతి బ్రేకు ఆ పక్కనే ఉండేది. అప్పటి డ్రైవర్ అవతలి వైపు నుంచి ఎక్కి, జరిగి కూర్చునేవాడు. ఇప్పటి హాట్ రాడ్‌లో గేర్‌బాక్సు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి అలా జరగడానికి వీలుండదు. అందుచేత తలుపు తెరుచుకోని బాడీని కొన్నవారు పక్క గోడ మీదుగా కాలు వేసి, సీటు మీద నిలబడి, ఆపైన కిందికి జారవలసిందే. అటువంటి బండికి బయట ఛాసిస్‌కే గట్టిగా బిగించిన చిన్న మెట్టు ఒకటి, పట్టుకోవడానికి సీటు వెనక రోల్ బార్ (బండి బోల్తాపడితే తలను కాపాడే ఉక్కు గొట్టం) ఒకటి తప్పనిసరిగా ఉండాలని నా అభిప్రాయం. టైరు మీద కాలు పెట్టి ఎక్కే అలవాటు మంచిది కాదు. తడిసిన టైరు మీద బూటు జారితే పడేది నేరుగా బాడీ అంచు మీదే.

అసలు కష్టం ఎక్కడుందో చెబుతాను. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని మీద నుంచి లేచేటప్పుడు మనం తెలియకుండానే రెండు పనులు చేస్తాం: పాదాలను మోకాళ్ళ కిందికి లాక్కుంటాం, ఛాతీని ముందుకు వంచి బరువును పాదాల మీదికి తెస్తాం. హాట్ రాడ్‌లో సీటు అంతకంటే బాగా కిందికి ఉంటుంది. తుంటి మోకాలి కంటే దిగువకు పోతుంది. పాదాలు ముందుకు చాపి పెడళ్ళ దగ్గర ఉంటాయి. ముందుకు వంగుదామంటే ఛాతీకి స్టీరింగ్ చక్రం అడ్డం. లేవడానికి శరీరానికి కావలసిన రెండు కదలికలనూ ఆ బండి ఆపేస్తోందన్న మాట. అప్పుడు మిగిలేది చేతుల బలం ఒక్కటే. కనుక కారు బిగించేవారు స్టీరింగును తప్పించడం, సీటును వెనక్కి జరపడం, చేతికి ఆధారం ఇవ్వడం అనే మూడు పనులనూ మొదటే ఆలోచించాలి.

స్టీరింగ్ విషయంలో ఊడదీయగలిగే చక్రం అన్నిటికంటే మేలైనది. అందులోనూ పళ్ళ గాడి ఉన్న హబ్‌ను (చక్రం మధ్యలోని బిగింపు భాగాన్ని) ఎంచుకుని, తిరిగి పెట్టిన ప్రతిసారీ అది చప్పుడు చేస్తూ పట్టుకుందో లేదో వినడమే కాక, చక్రాన్ని గట్టిగా తనవైపు లాగి చూసుకున్నాకే బండి కదల్చాలి. ఇందులో మినహాయింపు ఉండకూడదు. ఊడదీసిన చక్రాన్ని పెట్టడానికి డ్యాష్‌బోర్డు మీదో పక్క సీటు ముందో ఒక కొక్కెం ఉంటే, దిగేటప్పుడు అది ఒడిలో చిక్కుకోదు. ఊడదీయడం ఇష్టం లేనివారు పైకి వంచగలిగే స్టీరింగ్ కాలమ్‌ను (చక్రాన్ని మోసే కడ్డీని) వాడవచ్చు. అడుగుభాగం చదునుగా ఉన్న చక్రం వల్ల కూడా తొడలకు కొంత వెసులుబాటు వస్తుంది, కానీ దానితోనే సమస్య తీరుతుందని అనుకోకూడదు.

సీటు దగ్గర చాలామంది చూపుకు లోబడతారు. యుద్ధ విమానాల సీట్లను పోలిన అల్యూమినియం సీట్లు హాట్ రాడ్‌కు ఎంతో అందాన్నిస్తాయి. వాటి పక్క అంచులు మాత్రం ఎత్తుగా, గట్టిగా ఉండి తొడ కింద ఒత్తుకుంటాయి. మలుపుల్లో శరీరాన్ని పట్టి ఉంచే ఆ అంచే దిగేటప్పుడు దాటవలసిన రెండో గడప అవుతుంది. రోడ్డు మీద నెమ్మదిగా తిరిగే బండికి తలుపు వైపు అంచు తగ్గించిన సీటో, అడ్డంగా సాగిన బెంచీ సీటో చాలు. ఇక పట్టాల మీద వెనక్కి జరిగే ఏర్పాటు. పట్టాలు వేస్తే సీటు కొద్దిగా పైకి లేస్తుందని, తల కప్పుకు తగులుతుందని కొందరు వాటిని వదిలేస్తారు. ఆ ఎత్తును దిండు మందం తగ్గించి సరిచేసుకోవచ్చు గానీ, దిగేముందు సీటును పది సెంటీమీటర్లు వెనక్కి జరపగలగడం వల్ల కలిగే మేలు మరో విధంగా దొరకదు.

చేతి ఆధారం గురించి కొంచెం ఎక్కువగా రాయవలసి ఉంది, ఎందుకంటే మా ఫ్యాక్టరీలో మేము నేర్చుకున్న మొదటి పాఠం అదే. కమ్మీని మనకు వీలైన చోట బిగించి ప్రయాణికుడు దాన్ని వెతుక్కోవాలనడం సరికాదు. అతని చెయ్యి దానంతటది ఎక్కడికి పోతుందో అక్కడ కమ్మీ ఉండాలి. హాట్ రాడ్‌లో దిగేవాడి చెయ్యి ముందుగా పోయేది ముందు అద్దం చట్రం మీదికి, తరవాత తలుపు పై అంచు మీదికి. ఈ రెండూ బరువు మోయడానికి చేసినవి కావు. కిట్ బాడీలు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి. పొర మందంగానే కనిపించినా, బోల్టు చుట్టూ పదేపదే బరువు పడితే ఆ దెబ్బ ముందు రంగు మీద సన్నని గీతలుగా, తరవాత పగుళ్ళుగా బయటపడుతుంది. మా అల్లుడి బండిలో అద్దం స్తంభం వెనక, బాడీ లోపలి వైపు, ఉక్కు పలకను పెట్టి దాన్ని ఛాసిస్ నుంచి వచ్చే గొట్టానికి కలిపించాను. “బయటికి కనిపించని పనికి ఇంత శ్రమ ఎందుకు మావయ్యగారూ?” అని అతను అడిగాడు. అతని తల్లిగారు వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆ స్తంభాన్నే పట్టుకుని కూర్చున్నప్పుడు అతనికి సమాధానం దొరికింది. రోల్ బార్‌కు తోలు పట్టీ ఒకటి కట్టడం, సీటు పక్కన ఛాసిస్ గొట్టం మీద అరచేయి ఆనేంత చదును జాగా వదలడం కూడా ఎంతో ఉపకరిస్తాయి. పైకి లాక్కోవడం కంటే కిందికి నొక్కి లేవడమే పెద్దవాళ్ళ భుజాలకు సుఖం.

1932 నాటి మూడు కిటికీల కూపే (కప్పున్న రెండు తలుపుల కారు) వంటి వాటిలో తలుపు వెనక వైపు బందులతో, ముందు వైపు తెరుచుకుంటుంది. కాళ్ళు బయటికి తీయడానికి ఆ పద్ధతి చాలా వీలు, పాదాలకు ముందు చోటంతా ఖాళీగా ఉంటుంది కనుక. కానీ పరుగులో గడియ వదిలితే గాలి ఆ తలుపును విసురుగా తెరిచేస్తుంది. కాబట్టి రెండు దశల్లో పట్టే గడియ, దానితోపాటు విడిగా ఒక అడ్డపిన్ను లేకుండా అటువంటి తలుపును ఎవరూ వాడరాదు. ఏ తలుపైనా సరే, ఎంతవరకు తెరుచుకోవాలో ఆపే పట్టీ ఉండాలి.

పక్కల నుంచి పోయే ఎగ్జాస్టు గొట్టాలున్న బండిలో గడప పక్కనే కాలే ఇనుము ఉంటుంది. వేడి కవచం లేకుండా వాటిని బిగించడాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. పంచె, చీర కట్టుకున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఎక్కే పద్ధతి కూడా ముఖ్యమే. తలుపున్న బండిలో ముందు కాలు పెట్టి ఎక్కకూడదు. సీటుకు వీపు చూపించి, చేత్తో ఆధారం పట్టుకుని, సీటు అంచున కూర్చుని, తల వంచి, ఆపైన కాళ్ళను ఒకదాని వెంట ఒకటి లోపలికి తిప్పుకోవాలి. అమెరికాలో స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది కనుక కుడికాలు ముందు వెళుతుంది, మన దేశంలో అయితే ఎడమకాలు. నొప్పి ఉన్న మోకాలు ఏదో చూసుకుని, దానికి ఆధారం ఎక్కడ కావాలో నిర్ణయించుకోవాలి. సీటు మీద నున్నటి గుడ్డ పరిస్తే శరీరం తేలికగా తిరుగుతుంది. కూర్చున్నాక దాన్ని తీసివేయాలి. బండిని పేవ్‌మెంటుకు ఆనించి ఆపినప్పుడు పేవ్‌మెంటు మీది నుంచి ఎక్కితే సీటు మరింత లోతుకు పోయినట్టవుతుంది కనుక, కొంచెం దూరంగా ఆపి రోడ్డు మట్టం నుంచే ఎక్కడం మంచిది.

ఇవన్నీ ఎప్పుడు తేల్చుకోవాలన్నదే నా లేఖలో అసలు విషయం. చాలామంది ఇంజను దింపి, కాలమ్ బిగించి, రోల్ బార్‌కు వెల్డింగు చేయించి, రంగు కూడా వేయించి, చివరికి సీటు తెచ్చి పెట్టి, అప్పుడు కూర్చుని చూస్తారు. ఆ దశలో మూడు సెంటీమీటర్ల మార్పుకు కూడా ఎన్నో విప్పవలసి వస్తుంది. అలా కాక, ఉత్త ఛాసిస్ మీద బాడీని వదులుగా పెట్టి, సీటును చెక్క ముక్కల మీద నిలిపి, స్టీరింగ్ చక్రాన్ని ఒక కర్ర స్టాండుకు కట్టి, పెడళ్ళ చోట ప్లైవుడ్ ముక్క పెట్టి, రోజూ వేసుకునే బూట్లతోనే పదేపదే ఎక్కి దిగి చూడాలి. కట్టేవాడు ఒక్కడే చూస్తే చాలదు. ఆ బండిలో కూర్చోబోయేవారిలో అందరికంటే పెద్దవయసు వారినీ, అందరికంటే పొడగరినీ పిలిచి చూపించి, వారి చెయ్యి ఎక్కడ పడుతుందో, మోకాలు దేనికి తగులుతుందో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తులను అనుసరించి బ్రాకెట్లు చేయించాలి.

సుఖం కోసం చేసే ఈ ఏర్పాటే ఆపదలోనూ పనికివస్తుంది. కారు తయారుచేసి పోటీలో పాల్గొనే ఇంజనీరింగ్ విద్యార్థులకు ఫార్ములా ఎస్ఏఈ నియమాల్లో ఒక పరీక్ష ఉంది: పూర్తి రక్షణ దుస్తులతో, బెల్టులతో, చేతులు స్టీరింగ్ మీద ఉంచి కూర్చున్న డ్రైవరు 5 సెకన్లలో పక్కకు దిగి రెండు పాదాలూ నేల మీద పెట్టాలి. స్టీరింగ్ చక్రం వెంటనే ఊడివచ్చేదిగా ఉండటం కూడా అక్కడ తప్పనిసరి. కోయంబత్తూరులోని కారి స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి వెళ్ళే మన విద్యార్థులకు ఇది తెలిసిన సంగతే. ఇంటి దగ్గర హాట్ రాడ్ బిగించేవారు కూడా ఇంజను వైపు మంటలు వచ్చాయనుకుని, తాము ఎంతసేపట్లో బయటపడగలరో గడియారం పెట్టి చూసుకోవడం అవసరం.

మన దేశంలో ఇటువంటి బండిని రోడ్డు మీదికి తేవడం సులభం కాదని నాకు తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే స్పష్టం చేసింది. అయినా మా చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట వీధుల్లో సీట్లు, స్టీరింగ్ చక్రాల కోసం తిరిగే యువకులను చూస్తూనే ఉన్నాను. పాత కార్లను బాగుచేసి ప్రదర్శనలకు తెచ్చేవారూ ఈ నగరంలో తక్కువ కాదు. విదేశాల్లో మన పిల్లలు ఎందరో ఈ కిట్లు కొంటున్నారు. వారికి మీ పత్రిక చేరుతుంది.

కనుక నా విన్నపం ఒక్కటే. ఇకముందు ఇటువంటి కార్ల గురించి ప్రచురించేటప్పుడు, తలుపు తెరిచి ఉన్న ఫొటో ఒకటి, నేల నుంచి సీటు ఎంత ఎత్తో తెలిపే అంకె ఒకటి, యజమాని ఎక్కి దిగే తీరు గురించి నాలుగు వాక్యాలు తప్పక చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత కోచ్ ఫ్యాక్టరీ ఉద్యోగి,
పెరంబూరు, చెన్నై