మా ఓట్లకు టోకు బేరమా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ పేపర్లో బరంపురం తెలుగు ఓట్ల గురించి వేసిన వార్త చదివాను. కార్పొరేషన్ గడువు తీరేది 2027లో. ఇంకా నోటిఫికేషన్ ఊసైనా లేదు. అప్పుడే నలుగురు సంఘం పెద్దలు ఓ గదిలో కూర్చుని ఏ వార్డులో ఎవరికి గుద్దాలో జాబితా రాసేస్తే, మీరు దాన్ని అచ్చేశారు. మా ఓట్లు వాళ్ళ గోడౌన్లో ఉన్న టోకు సరుకా? మమ్మల్నెవరు అడిగారు?

ఆ జాబితాలో ఎక్కడానికి కావలసిన అర్హత ఒక్కటే, ‘మనవాడు’. 1936లో మద్రాసు నుంచి తీసి ఒడిశాలో కలిపింది మొదలు ఈ ఊళ్ళో ఇదే పాట. వి.వి.గిరి గారు పుట్టిన గడ్డ అని మైకులో ఓ మాట, తెలుగు బడికి మాస్టార్లను వేయిస్తామని ఇంకో మాట, దండ మెళ్ళో పడగానే కారెక్కడం. మాస్టారి పోస్టు తేలాల్సింది భువనేశ్వర్లో. కార్పొరేటర్ చేతిలో ఉన్నది మురిక్కాలువ, దాని గురించి మాత్రం నోరు పెగలదు. మా వీధి మలుపులో కాలువ మీది పలక విరిగి ఎన్ని వానాకాలాలు వెళ్ళాయో! ఎవరో పుణ్యాత్ముడు కర్ర గుచ్చి ఎర్రగుడ్డ కట్టాడు. ఆ గుడ్డ వెలిసి తెల్లబడింది. మొన్న ఆ కర్రకే ఓ కొస కట్టి మన‘వాడి’ పండగ శుభాకాంక్షల ఫ్లెక్సీ వేలాడదీశారు. కాలు జారినవాడికి కూడా శుభాకాంక్షలే కాబోలు.

ఈ పెద్దలకు ఇంత శ్రద్ధే ఉంటే, 2018లో కౌన్సిల్ గడువు ముగిసి 2022 మార్చి 24 దాకా ఎన్నికలే లేనప్పుడు ఎక్కడున్నారు? మూడున్నరేళ్ళు వీధి దీపం వెలగలేదని అడగడానికి వార్డుకో మనిషి లేడు. అప్పుడు ఒక్క అర్జీ రాసిన పాపాన పోలేదు, ఇప్పుడు జాబితాలు!

సరే, వాళ్ళు చెప్పగా లేనిది నేనూ చెబుతాను. 2022 నుంచి మనకు రెండు ఓట్లు, కార్పొరేటర్‌కొకటి, మేయర్‌కొకటి. అంతకుముందు మేయర్‌ని కార్పొరేటర్లే వాళ్ళలో వాళ్ళు ఎన్నుకునేవారు. రెండూ ఒకే గుర్తుకు వేయాలని రూలేం లేదు. వార్డు ఓటు మనిషిని చూసి వేయండి. మహిళా వార్డయితే ముందు ఫ్లెక్సీ చూడండి. భార్య ఫొటో ఓ మూల, భర్తది నిలువెత్తున ఉంటే గెలిచాక ఫోనెత్తేది ఎవరో వేరే చెప్పాలా?

మా వార్డులో నా ఓటు కుట్టుమిషన్ పెట్టుకున్న ఆవిడకి, ఆవిడ నిలబడితే. ఒడియా ఆవిడే, తెలుగు నాలుగు ముక్కలు వస్తే గొప్ప. కానీ ట్యాంకర్ రాని రోజు డ్రైవర్‌కి ఫోన్ చేసి అరిచేది, బిందెల దగ్గర కొట్లాట తీర్చేది ఆవిడే. జాబితాలో మా వార్డుకు రాసిన పెద్దమనిషిని ఆ ట్యాంకర్ దగ్గర ఒక్కనాడూ చూడలేదు. ఆయనింట్లో బోరు ఉంది మరి.

మేయర్ ఓటు ఇంకా తేల్చుకోలేదు. రుషికుల్య నది నీళ్ళు చివరి కుళాయి దాకా ఏ ఏడాదికి వస్తాయో తేదీతో సహా చెప్పినవాళ్ళకే. మీ విలేకరి ఎవరి ఓట్లెన్ని అని లెక్కలు కట్టడం మానేసి, పోటీ చేస్తామంటున్న వాళ్ళందరినీ ఈ ఒక్క ప్రశ్న అడిగి జవాబులు వేస్తే చదువుతాం.

— ఓ పాత చందాదారు, పెద్ద బజారు, బరంపురం