ఆసుపత్రి గేటు దగ్గరి రాజీలతో నష్టపోతున్నది నడిచేవాడే

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హన్మకొండ రోడ్ల మీద నడిచి వెళ్లే మనిషిని బైకు గుద్దినప్పుడు చాలాసార్లు ఒకే తంతు నడుస్తుంది. రెండు పక్కల పెద్ద మనుషులు ఆసుపత్రి గేటు దగ్గర పంచాయితీకి కూర్చుని, దెబ్బ ఎంతటిదో డాక్టర్లు తేల్చకముందే ఎంతో కొంతకు తెగ్గొడతారు. తప్పెవరిదో నిర్ణయించి ఖర్చులు ఇప్పించడానికి చట్టం ఏర్పరచిన దారి ఆ రాత్రే మూసుకుపోతోంది.

ఎనుమాముల మార్కెట్ దగ్గర రోడ్డు దాటుతున్న మా వాడకట్టు హమాలీ ఒకాయనను ఇలాగే బైకు గుద్దింది. నడిపిన యువకుడి బంధువులే ఆయనను ఆసుపత్రికి చేర్చారు, అంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ క్యాజువాలిటీలో డాక్టరు అడిగితే 'జారిపడ్డాడు' అని చెప్పారు, కేసు షీటులో అదే ఎక్కింది. ఇరవై వేలు చేతిలో పెట్టి, 'ఇకముందు ఎటువంటి క్లెయిము చేయను' అని రాసిన తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. కాలికి రాడ్డు పడింది, బస్తా మోయవద్దన్నారు. తరువాత మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్దామనుకుంటే మొదట అడ్డం వచ్చింది ఆ 'జారిపడ్డాడు' అన్న ఒక్క మాటే. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది కదా, ఇంకా ఖర్చేమిటని అడిగినవారూ ఉన్నారు. పోయిన కూలి, పని మానుకుని మంచం పక్కన కూర్చున్న భార్య కూలి, డ్రెస్సింగుకు పోయి వచ్చిన ఆటో కిరాయిలు, ఇకమీదట తగ్గిపోయే సంపాదన ఖర్చు కాకపోతే మరేమిటి? ట్రిబ్యునల్ వీటిని లెక్కలోకి తీసుకుంటుంది.

జీబ్రా గీతల మీద దాటలేదు కాబట్టి తప్పంతా నడిచేవాడిదేనని తేల్చేయడం కూడా సరికాదు. (మన రోడ్ల మీద ఆ గీతలు ఎన్నిచోట్ల కనబడుతున్నాయన్నది వేరే సంగతి.) పంచనామాలోని స్థల చిత్రం, బండికి తగిలిన దెబ్బలు, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు నివేదిక, సాక్షుల మాట, సీసీ కెమెరా దృశ్యాలు కలిపి చూసి, ఏది ఎక్కువ సంభవమో దానినిబట్టి ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది. నడిచేవాడి నిర్లక్ష్యం కొంత ఉందని రుజువైనా క్లెయిము కొట్టివేయరు, ఆ మేరకు తగ్గిస్తారు. నష్టం 5 లక్షలై, ఆయన తప్పు 20 శాతమైతే 4 లక్షలు వస్తాయి. అయితే కెమెరా దృశ్యాలు కొద్దిరోజులకే చెరిగిపోతాయి గనుక ఎఫ్ఐఆర్ ఆలస్యమైతే ఆధారం కూడా పోయినట్టే.

నిజానికి బండికి బీమా ఉన్నవాడు ఇంత హడావిడిగా రాజీకి పరుగెత్తవలసిన అవసరమే లేదు, ఎందుకంటే నష్టపరిహారం చెల్లించేది బీమా కంపెనీ. భయమంతా బీమా లేనివారిది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా (ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించేది) కొన్ననాడే కట్టించుకుంటున్నారు. ఆ ఐదేళ్లు నిండాక రెన్యువల్ సంగతి చాలామంది మరిచిపోతున్నారు. 75 నుంచి 150 సీసీ బండికి 2022లో నిర్ణయించిన ఏడాది ప్రీమియం, పన్ను కాక, 714 రూపాయలు. అది కట్టనివాడు లక్షల పరిహారాన్ని సొంత జేబులోంచి చెల్లించవలసి వస్తుంది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిము ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. అదే సవరణతో వచ్చిన 164వ సెక్షన్ కింద, తప్పెవరిదన్న వాదన లేకుండానే, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు, మరణిస్తే 5 లక్షలు కోరవచ్చు. పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి తొలి నివేదిక పంపాలని, బాధితుడికి ఆయన హక్కులు తెలిపే ఫారం ఇవ్వాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. మా హమాలీ కుటుంబానికి ఆ కాగితం అందలేదు.

కాబట్టి జిల్లా పోలీసు, వైద్యాధికారులకు నా విన్నపం: ఆ ఫారాన్ని తెలుగులో ముద్రించి ప్రతి ఠాణాలోనూ క్యాజువాలిటీలోనూ ఉంచాలి. గాయపడినవారు మాట్లాడగలిగే స్థితిలో ఉంటే దెబ్బ ఎలా తగిలిందో వెంట వచ్చినవారిని కాక వారినే అడిగి రాయాలి. లాయరుకు ఫీజు ఇచ్చుకోలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడుందో, ఎవరిని కలవాలో ఆ ఫారం కిందనే అచ్చువేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, వరంగల్