ఊరి గుళ్ళు ఎటూ పోయాయి, రిజిస్టర్లయినా మిగలనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మెదక్ చర్చికి 2024 క్రిస్మస్‌తో నూరేళ్ళు నిండాయి. ఆ గోపురాన్ని, రంగుటద్దాల కిటికీలను పత్రికలూ టీవీలూ కావలసినంత చూపించాయి. సంతోషం. అయితే ఆ పెద్ద గుడికి జనాన్నిచ్చిన చిన్న గుళ్ళ మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను. నా కంటికైతే కనబడలేదు.

ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ నిజాం రాజ్యంలో అడుగుపెట్టింది 1870ల చివర, సికింద్రాబాదులో. 1890లలో మెదక్ చర్చిని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొర వచ్చాక మెదక్ చుట్టుపక్కల పల్లెలకు పాకింది. మాలవాడలోనో మాదిగవాడలోనో మట్టిగోడలు లేపి పైన గడ్డి కప్పితే అదే గుడి. చాలాచోట్ల బడి కూడా అదే, ఊళ్ళో వాక్యం చెప్పే ఉపదేశే పంతులు. అలాంటి గోడ నాలుగు వానాకాలాలు పట్టించుకోకపోతే నిలవదు. జనం బతుకుతెరువుకు పట్నం పోయారు, మిగిలినవాళ్ళలో కొందరు స్లాబు వేసిన కొత్త ప్రార్థన మందిరాలకు మళ్ళారు. గుడి ఉన్న జాగా ఏదో చెప్పగలిగే ముసలివాళ్ళు కూడా ఒక్కొక్కరే పోతున్నారు.

వెస్లియన్ అన్న పేరు అంతకు ముందే పోయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, సి.ఎస్.ఐ.) ఏర్పడగానే వెస్లియన్ గుళ్ళన్నీ సి.ఎస్.ఐ. అయ్యాయి. అమెరికా మెథడిస్టుల శాఖ అందులో కలవలేదు, 1981లో మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియాగా సొంత కాళ్ళ మీద నిలబడింది. ఏటా ధారూరులో జరిగే మెథడిస్టు జాతర ఆ శాఖదే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి రాసేవాళ్ళను చూస్తే విసుగేస్తుంది, కానీ అది వేరే లేఖకు సరిపడే సంగతి.

కూలిన గోడల్ని మళ్ళీ కట్టమని అడగను. నా బాధంతా రిజిస్టర్ల గురించే. బాప్తిస్మం రిజిస్టరు తెరిస్తే తేదీ, పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి చేసే పని, చివర పాస్టరు అయ్యగారి సంతకం వరుసగా ఉంటాయి. పెద్దవాళ్ళకిచ్చిన బాప్తిస్మమైతే పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎల్లయ్య ఏ రోజున యేసుదాసయ్యాడో ఆ ఒక్క గీతలో తెలిసిపోతుంది. భూమి లేదు కాబట్టి పహాణీలో పేరుండదు, చదువు లేదు కాబట్టి బడి రికార్డులో ఉండదు. అలాంటి ఇళ్ళకు ముత్తాత పేరు రాసిన కాగితం ఇదొక్కటే కావచ్చు. పాస్టరేటు (ఒక పాస్టరు కింద ఉండే కొన్ని ఊళ్ళ సంఘాలు) మారినప్పుడల్లా ఇవి బీరువాలోంచి బీరువాకు, బీరువాలోంచి అటక మీదికి పోతుంటాయి. ఆ తర్వాతి పని చెదలు చూసుకుంటాయి.

దొరలు పంపిన ఉత్తరాలు, సినడు (సంఘ పెద్దల సభ) మినిట్సు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయ కళాశాల గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు అక్కడికి వెళ్ళి చూసుకుంటారు. అందులో ఉండేది పంపినవాళ్ళ చూపు. ఊళ్ళో ఆ గుడిని నడిపిన ఉపదేశులు, ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పిన బైబిలు స్త్రీలు, చందా కింద పిడికెడు బియ్యం తెచ్చినవాళ్ళు వెలుగులోకి రావాలంటే ఇక్కడి పుస్తకాలే దిక్కు.

ఒక చిక్కు ఉంది, దాచి లాభం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. అందుకే ఇంట్లో ప్రార్థన, కాగితం మీద హిందువు అన్నట్టు బతికే కుటుంబాలు తక్కువేమీ కాదు. రిజిస్టర్లన్నీ తెచ్చి ఇంటర్నెట్‌లో పెడితే ఎవరి సర్టిఫికెట్టుకో ఎసరు రావచ్చు. ఈ భయంతోనే కొందరు పాస్టర్లు పుస్తకం బయటికి తీయరు, వాళ్ళను తప్పుపట్టలేను. పాతవాటిని చూడనిచ్చి, గత నూరేళ్ళవి ఆ ఇంటివారికి తప్ప చూపకుండా ఉంచితే సరి.

కాబట్టి సి.ఎస్.ఐ. మెదక్ డయాసిస్ (బిషపు కింద ఉండే ప్రాంతం) వారు, మెథడిస్టు చర్చివారు తమ పాస్టరేట్లలో ఏ ఏ పుస్తకాలు ఉన్నాయో ముందు జాబితా రాయించాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ వారు స్కానింగుకు మనుషులనివ్వాలి. అసలు పుస్తకాలు మాత్రం సంఘాల దగ్గరే ఉండాలి, తీసుకుపోతామంటే ఎవరూ ఇవ్వరు. వచ్చే వానాకాలం లోపు ఆ జాబితా పనైనా మొదలుపెట్టమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మెదక్ జిల్లా